లైవ్ డీలర్ టేబుల్ ముందు ఆ గుబులు ఎందుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

లైవ్ క్యాసినో అంటే, స్టూడియోలో ఆట నడిపే మనిషి (డీలర్) ముక్కలు పంచడం, రూలెట్ చక్రం తిప్పడం ఫోన్‌లో ప్రత్యక్షంగా చూస్తూ డబ్బు పెట్టి ఆడే జూదం. దాని గురించి వచ్చే ప్రశ్నల్లో "ఎలా గెలవాలి" అన్నవి మనం అనుకున్నంత ఎక్కువ ఉండవు. "ఆ అమ్మాయి నన్నే చూస్తున్నట్టుంది", "అది నిజంగా లైవేనా", "ఫోన్ పక్కన పెట్టాక కూడా చెవిలో బంతి తిరుగుతోంది" అన్నవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఆ గుబులు మీ భ్రమ కాదు. దానికి కారణాలున్నాయి, వాటిని ఒక్కొక్కటిగా చెప్పొచ్చు. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## టేబుల్ తెరవకముందు

లైవ్ డీలర్ అంటే నిజంగా మనిషేనా, కంప్యూటర్ బొమ్మా?

పేరున్న స్టూడియోల్లో అయితే మనిషే. ఈ రంగంలో అన్నిటికంటే పెద్దదైన ఎవల్యూషన్ 2006లో మొదలైంది. దాని ప్రధాన స్టూడియో లాత్వియా రాజధాని రీగాలో ఉంది. జార్జియాలోని త్బిలిసిలో, మాల్టాలో, రొమేనియాలో, అమెరికాలోని న్యూజెర్సీలో కూడా స్టూడియోలున్నాయి. ఒక్కో టేబుల్ చుట్టూ కెమెరాలు, కింద చెప్పుల డబ్బా అంత పెట్టె ఒకటి ఉంటాయి. ప్రతి ముక్కనూ, బంతి పడిన ప్రతి అంకెనూ డేటాగా మార్చి మీ తెరకు పంపేది ఆ పెట్టే. డీలర్ ముక్కను టేబుల్ మీద ఒకచోట ఆనించి జరపడం గమనించే ఉంటారు. అక్కడ స్కానర్ ఉంటుంది. కాబట్టి మనిషి నిజం, ముక్కలు నిజం, చక్రం నిజం. మీకూ ఆ మనిషికీ మధ్య ఉన్నట్టు అనిపించే పరిచయం మాత్రం నిజం కాదు.

ఏపీలో, తెలంగాణలో ఇది ఆడొచ్చా? యాడ్స్ వస్తూనే ఉన్నాయి కదా?

ఆడకూడదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. ఆ తర్వాత దేశం మొత్తానికీ వర్తించే ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు పెట్టి ఆడే ఆటను నడిపితే 3 ఏళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే 2 ఏళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఆడేవారిని శిక్షించే నిబంధన ఈ కేంద్ర చట్టంలో లేదు. అలాగని నిశ్చింతగా ఉండొద్దు, రాష్ట్ర చట్టాల కింద ఆడినవారి మీదా కేసు పెట్టొచ్చు. యాడ్ కనిపించిందంటే అనుమతి ఉన్నట్టు కాదు, ఆ యాడ్ కూడా నేరమే.

సైట్ కింద లైసెన్స్ ముద్ర ఉంది. నమ్మొచ్చా?

ముద్ర అంటే ఒక బొమ్మ, ఎవరైనా అతికించుకోవచ్చు. దాన్ని నొక్కితే లైసెన్స్ ఇచ్చిన సంస్థ రిజిస్టర్ తెరుచుకోవాలి. అందులో మీరు చూస్తున్న సైట్ అడ్రసు అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. నొక్కినా ఏమీ తెరుచుకోకపోయినా, అదే సైట్‌లోని ఇంకో పేజీకి తీసుకెళ్ళినా అది ఉత్త అలంకారమే. ముద్ర అసలుదే అయినా, కరీబియన్ దీవి కురసావ్‌లోనో మాల్టాలోనో తీసుకున్న లైసెన్స్ మన దగ్గరి నిషేధాన్ని తొలగించదు.

## టేబుల్ తెరిచాక

డీలర్ నన్నే చూస్తున్నట్టు ఎందుకుంటుంది? నా కెమెరా ఆన్‌లో ఉందా?

మీ ముఖం ఆమెకు కనిపించదు. ఆమె ఎదురుగా ఉన్నది కెమెరా లెన్సు, దాని దగ్గర్లోనే ఒక మానిటర్. మానిటర్ మీద ఆట స్థితి, కౌంట్‌డౌన్, చాట్ వరుసలు ఉంటాయి. లెన్సులోకి చూస్తూ మాట్లాడాలని శిక్షణలోనే నేర్పుతారు. ఒక మనిషి లెన్సులోకి చూస్తే ఆ వీడియో చూస్తున్న ప్రతి ఒక్కరికీ తననే చూస్తున్నట్టు ఉంటుంది. టీవీలో వార్తలు చదివేవారి విషయంలోనూ ఇదే జరుగుతుంది, కానీ వార్తలు చదివేవారు మీ పేరు పిలవరు, మీ డబ్బు తీసుకోరు.

కాసేపు ఆమె చూపునే గమనించండి. ఎవరైనా చాట్‌లో ఏదైనా రాయగానే కళ్ళు లెన్సు మీంచి కొద్దిగా పక్కకు జారతాయి, ఎడమ నుంచి కుడికి ఒకసారి కదులుతాయి, మళ్ళీ లెన్సు మీదికి వస్తాయి, ఆ తర్వాతే నవ్వు. ఆమె చదివింది ఒక వరుస, నవ్వింది ఆ వరుసకు. గుబులు పుట్టేది సరిగ్గా ఇక్కడే. కళ్ళు కలిశాయని మీ మనసు అంటుంది, కలవలేదని లోపల ఇంకేదో అంటుంది.

యాప్‌కి కెమెరా, మైకు అనుమతి ఉందేమో ఫోన్ సెట్టింగ్స్‌లో చూడండి. లైవ్ టేబుల్‌కి ఆ రెండూ అక్కర్లేదు. అడుగుతోందంటే ఆ యాప్ ఫోన్‌లో ఉండకూడదు.

నా పేరు పెట్టి పలకరించింది. నేనెవరో తెలుసా?

మీరు పెట్టుకున్న యూజర్ నేమ్ మాత్రమే తెలుసు. రూలెట్, లోపల-బయట (అందర్ బాహర్) లాంటి ఆటల్లో కుర్చీల లెక్క ఉండదు కాబట్టి ఒకే టేబుల్ దగ్గర వందల మంది ఉండొచ్చు. చాట్‌లో కనబడిన పేర్లలో కొన్నిటిని పలుకుతుంది. మీరు గెలిచినా ఓడినా ఆమె జీతం మారదు.

ఆ గదిలో ఏదో తేడా ఉంటుంది. ఏమిటది?

ముందుగా, అక్కడ రాత్రీ పగలూ లేవు. మీకు తెల్లవారుజామున మూడైనా ఆ గదిలో అదే బంగారు వెలుగు, అదే అలంకరణ. చలికాలంలో రీగా మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది, వేసవిలో రెండున్నర. విజయవాడలో మూడు గంటలకు మీ కళ్ళు మండుతుంటే, అప్పుడే షిఫ్టు మొదలైన డీలర్ తాజా ముఖంతో శుభాకాంక్షలు చెబుతుంది. హిందీ టేబుళ్ళలోనూ ఇంతే, భాష దగ్గరగా ఉంటుంది, మనిషి ఎక్కడో ఉంటుంది.

రెండోది చప్పుడు. నిజమైన క్యాసినోలో జనం గోల ఉంటుంది. ఇక్కడ మైకు చక్రానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి బంతి గీరుకుంటూ తిరగడం, అడ్డుపట్టీలకు తగిలి టకటకలాడడం, గడిలో పడి ఆగడం హెడ్‌ఫోన్స్‌లో చెవి పక్కనే జరిగినట్టుంటుంది. డీలర్ మాట ఆపగానే వెనక ఏమీ వినిపించదు. అంత మంది ఆడుతున్న చోట ఆ నిశ్శబ్దం మనకు సహజంగా అనిపించదు.

మూడోది, వెనక కనిపించే హాలు కొన్నిసార్లు హాలు కాదు. డీలర్ వెనక ఆకుపచ్చ తెర కట్టి కంప్యూటర్‌లో బొమ్మ వేస్తారు. జుట్టు అంచుల దగ్గర సన్నని గీతలా వెలుగు మినుకుమంటుంటే అదే కారణం. మీ కన్ను దాన్ని పట్టుకుంటుంది, ఏమిటో మాత్రం చెప్పలేదు.

ఇంకొకటి, అరగంటకో అంతకు ముందో డీలర్ మారతారు. వెళ్ళేవాళ్ళు చేతులు తట్టి, అరచేతులు కెమెరాకు చూపించి లేస్తారు. చేతిలో ఏమీ దాచలేదని చూపడం క్యాసినో పద్ధతి. ఇది తెలియక "నాకేదో సైగ చేసి వెళ్ళిపోయింది" అనుకునేవారున్నారు.

లైవా, రికార్డింగా? ఎలా పట్టుకోవాలి?

డబ్బు పెట్టకుండా చూడండి. చాట్‌లో ఎవరైనా మామూలుగా ఎవరూ అడగని ప్రశ్న వేస్తే డీలర్ దానికి నోటితో జవాబు చెప్పాలి. "థాంక్యూ, గుడ్ లక్" అని ప్రతిదానికీ సరిపోయే మాటే వస్తుంటే అనుమానించండి. తెర మీద రాసిన ఫలితం, వీడియోలో పడిన ముక్క ప్రతిసారీ ఒకటేనా చూడండి. రెండు ఫోన్లలో, రెండు నెట్ కనెక్షన్ల మీద ఒకే టేబుల్ తెరవండి. కొన్ని సెకన్ల తేడాతో ఒకే ఆట కనిపించాలి. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఫైలుగా పంపే యాప్‌లలో, పెద్ద స్టూడియోల వీడియోను దొంగిలించి దాని మీద తమ బటన్లు అతికించినవి ఉంటాయి. అందులో మనిషి నిజమే, మీ పందెం మాత్రం ఆ టేబుల్‌కి చేరదు.

## ఆట నడుస్తుండగా

రూలెట్‌లో వరసగా 8 సార్లు ఎరుపు పడింది. ఇక నలుపేగా?

కాదు. ఒక్క సున్నా ఉన్న చక్రంలో 37 గడులు, 18 నలుపు. తర్వాతి బంతికి నలుపు అవకాశం 48.65 శాతం, ముందు ఏం పడినా సరే. వరసగా 8 ఎరుపులు దాదాపు 320 సార్లకు ఒకసారి వస్తాయి. రాత్రీ పగలూ తిరిగే చక్రానికి అది మామూలు విషయం. 1913 ఆగస్టు 18న మొనాకోలోని మాంటె కార్లో క్యాసినోలో నలుపు వరసగా 26 సార్లు పడింది. "ఇక ఎరుపే" అనుకుంటూ పందెం పెంచుకుంటూ పోయినవారు ఆ రాత్రి భారీగా పోగొట్టుకున్నారు. తెర పక్కన చూపించే పాత అంకెల పట్టిక, "వేడి" "చల్లని" అంకెలు, బకరా అనే పేకాటలో ఎర్ర నీలం సున్నాల వరసలు నిజమైన లెక్కలే, కానీ రాబోయేదాని గురించి వాటికి ఏమీ తెలియదు. కనిపెట్టాల్సింది ఏదో ఉందని మీకు అనిపించేలా చేయడం కోసమే అవి అక్కడ ఉన్నాయి.

నేను ఎక్కువ పెట్టినప్పుడే పోతోంది. నా బెట్ చూసి ఆడిస్తున్నారా?

లైసెన్స్ ఉన్న స్టూడియోలో ఒకే ఆటను అనేక సైట్ల నుంచి జనం ఒకేసారి ఆడతారు, ఒకరు లోపల అంటే ఒకరు బయట అంటారు. మీ ఒక్కరి కోసం ముక్క మార్చే వీలూ లేదు, అవసరమూ లేదు. ఆటలోనే కోత ఉంది. లోపల-బయటలో జోకర్ తీశాక మొదటి ముక్క పడే వైపు గెలిచే అవకాశం సుమారు 51.5 శాతం. అందుకే ఆ వైపుకు రూ.100కి రూ.90 మాత్రమే ఇస్తారు. లెక్క వేస్తే ఆ వైపు ప్రతి వందకు దాదాపు రూ.2.15, రెండో వైపు రూ.3 సగటున టేబుల్‌కే. డ్రాగన్ టైగర్‌లో (రెండు వైపులా ఒక్కో ముక్క వేసి ఏది పెద్దదో చూసే ఆట) రెండూ సమానమయ్యే టై మీద కొన్ని టేబుళ్ళలో ఒకటికి 8 ఇస్తారని ఆశపడతారు, అక్కడ వందకు దాదాపు రూ.33 పోతుంది.

పెద్ద పందెం పోయినప్పుడు ఒళ్ళు జివ్వుమంటుంది కాబట్టి అది గుర్తుంటుంది. చిన్నవి పోయిన ఇరవైసార్లు గుర్తుండవు. దొంగ యాప్‌లో మాత్రం మీ అనుమానం నిజమయ్యే వీలుంది, అక్కడ ఫలితం వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

చిన్న పందేలే పెడుతున్నా. గంటకు ఎంత పోతుంది?

పోయేది డిపాజిట్ మీద కాదు, మొత్తం తిప్పిన డబ్బు మీద లెక్కపడుతుంది. ఒక్క సున్నా రూలెట్‌లో టేబుల్ వాటా 2.7 శాతం. గంటకు 45 ఆటలు, ఆటకు రూ.100 అయితే తిప్పింది రూ.4,500, సగటు నష్టం రూ.122. అదే ఆటకు 25 సెకన్లు మాత్రమే పట్టే వేగం టేబుల్‌లో గంటకు 144 ఆటలు, తిప్పింది రూ.14,400, సగటు నష్టం రూ.389. పందెం పెరగలేదు, వేగం పెరిగింది. ఇది సగటు మాత్రమే, ఒక రాత్రిలో దీనికి ఎన్నో రెట్లు పోవచ్చు. కౌంట్‌డౌన్ ఆకుపచ్చ నుంచి పసుపుకు, ఎరుపుకు మారుతుంటే చేయి తనంతట తానే కదలడం మీ బలహీనత కాదు. ఆలోచనకు టైమ్ ఇవ్వకుండా కట్టిన ఆట అది.

బకరాలో ముక్కను అంత నెమ్మదిగా తిప్పుతారెందుకు? గుండె దడొస్తోంది.

ముక్క డబ్బాలోంచి బయటికి వచ్చేసరికే ఫలితం ఖాయమైపోయింది. తర్వాత జరిగేదంతా ప్రదర్శన. దగ్గరి కెమెరా ముందు పొడవాటి అంచును మెల్లగా ఎత్తుతారు. రెండు గుర్తులు కనిపిస్తే అది 4 లేదా 5. మూడు కనిపిస్తే 6, 7, 8లో ఒకటి. నాలుగైతే 9 లేదా 10. సగం తెలిసీ సగం తెలియని ఆ కొన్ని సెకన్లలోనే ఊపిరి బిగబడుతుంది. "కొద్దిలో తప్పింది" అన్న భావన ఇక్కడే పుడుతుంది, ఇంకోసారి ఆడించేది కూడా అదే.

వీడియో ఆగిపోయింది. బెట్ ఏమవుతుంది?

పందేల గడువు ముగిసేలోపు సర్వర్‌కి చేరితే లెక్కలోకి వచ్చినట్టే, వీడియో కనిపించినా కనిపించకపోయినా. హిస్టరీలో ఆట నంబరు, టైమ్ ఉంటాయి, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

## డబ్బు దగ్గర

గెలిచింది తీయాలంటే ముందు 30 శాతం టాక్స్ కట్టమంటున్నారు. కట్టాలా?

ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. గెలుపు మీద పన్ను ఉంటే ఇచ్చే డబ్బులోంచే కోస్తారు, మీ చేత విడిగా యూపీఐకి వేయించరు. కట్టగానే "వెరిఫికేషన్ ఫీజు" అంటారు, తర్వాత "అకౌంట్ అన్‌లాక్" అంటారు. తెర మీద కనిపించే బ్యాలెన్స్ ఒక అంకె మాత్రమే, దాని వెనక డబ్బు లేదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

డిపాజిట్ చేసిన ప్రతిసారీ యూపీఐలో కొత్త పేరు వస్తోంది. ఏమన్నా ప్రమాదమా?

పెద్ద ప్రమాదమే. అవి అద్దెకు తీసుకున్న ఖాతాలు. ఏదో ఊళ్ళో ఎవరి ఖాతా నుంచో కాజేసిన డబ్బు కూడా అవే ఖాతాల గుండా పోతుంది. అక్కడ కేసు నమోదైతే, ఆ ఖాతాతో లావాదేవీ ఉన్న మీ ఖాతాలో కొంత మొత్తాన్ని, ఒక్కోసారి మొత్తం ఖాతానే ఆపేస్తారు. జీతం పడే ఖాతా అయితే ఇల్లు గడవదు. ఆపితే మొదట బ్యాంకు నుంచి మూడు వివరాలు రాతపూర్వకంగా తీసుకోండి: ఏ రాష్ట్రం ఏ స్టేషన్, ఫిర్యాదు నంబరు, ఎంత మొత్తం. తర్వాత ఆ స్టేషన్‌కి ఈమెయిల్‌లో స్టేట్‌మెంట్‌తో పాటు ఉన్నదున్నట్టు రాయండి. చేబదులు అనో, ఫ్రెండ్ పంపాడనో కల్పించి రాస్తే తర్వాత అదే మెడకు చుట్టుకుంటుంది. లాయర్‌తో ఒకసారి మాట్లాడి పంపడం మేలు.

## ఆపాక

పడుకున్నా బంతి చప్పుడే వినిపిస్తోంది. నాకేమైనా అవుతోందా?

గంటల తరబడి ఒకే లయ విన్న చెవికి ఇలా జరగడం ఉంది. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంటే భయపడక్కర్లేదు. కానీ పోయినదాన్ని రాబట్టాలని మళ్ళీ తెరుస్తున్నారా, ఎంత పోయిందో ఇంట్లో తక్కువ చేసి చెబుతున్నారా, ఆడకపోతే చిరాకు, నిద్రలేమి ఉన్నాయా చూసుకోండి. ఇవి జూద వ్యసనం లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో అది ఉంది, వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఇలాంటి ఆన్‌లైన్ అలవాట్ల కోసం ప్రత్యేక క్లినిక్ ఉంది.

మానేయాలంటే సరిగ్గా ఏమేం చేయాలి?

యాప్ తీసేస్తే చాలదు, పది నిమిషాల్లో మళ్ళీ ఎక్కుతుంది. పగటిపూట, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు ఈ పనులన్నీ ఒకే విడతలో చేయండి. బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించండి. జీతం ఖాతాను యూపీఐ నుంచి విడదీసి, ఖర్చులకు చిన్న ఖాతా ఒకటే ఉంచండి. బయటి ఫైలుగా ఎక్కించిన యాప్ అయితే తీసేసేముందు దానికిచ్చిన ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు రద్దు చేయండి, తర్వాత యూపీఐ పిన్ మార్చండి. బెట్‌బ్లాకర్ లాంటి ఉచిత యాప్‌తో జూదం సైట్లను నెలలకు నెలలు మూసేయొచ్చు. బోనస్ మెసేజ్‌లు పంపే నంబర్లు, గ్రూపులు అన్నీ బ్లాక్ చేయండి. చివరిగా రాత్రి ఫోన్ వేరే గదిలో చార్జింగ్‌కి పెట్టండి. చిన్న విషయంలా ఉంటుంది, కానీ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఈ ఆట ఎక్కువగా లాగేది ఒంటరిగా, చీకట్లో, దుప్పటి కింద.

మేం న్యూజెర్సీలో, లండన్‌లో ఉంటాం. ఇక్కడ లీగలే కదా?

లీగలే. న్యూజెర్సీలో ఆన్‌లైన్ క్యాసినో 2013 నవంబరు నుంచి ఉంది, అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో మాత్రం లేదు. లీగల్ అయినంత మాత్రాన చక్రం లెక్క మారదు. మీకున్న అదనపు రక్షణ ఏమిటంటే, మిమ్మల్ని మీరే నిషేధించుకోవచ్చు. న్యూజెర్సీలో ఏడాదికో అయిదేళ్ళకో నమోదు చేసుకోవచ్చు. యూకేలో గామ్‌స్టాప్‌లో ఆరు నెలలు, ఏడాది, అయిదేళ్ళు. అక్కడి చాలా బ్యాంకుల యాప్‌లలో జూదం చెల్లింపులు ఆపే బటన్ కూడా ఉంది. ఫోన్ సాయం: అమెరికాలో 1-800-426-2537, యూకేలో 0808 8020 133.

మా తమ్ముడు రాత్రంతా ఇదే. ఇంట్లోవాళ్ళం ఏం చేయాలి?

ముందు అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించండి, లోన్ యాప్‌లతో సహా. తిట్టకుండా రాయిస్తేనే పూర్తి లెక్క బయటికొస్తుంది. మొదటిసారి చెప్పిన మొత్తం సాధారణంగా తక్కువే ఉంటుంది. ఒక్కసారిగా మొత్తం తీర్చేసి చేతులు దులుపుకోవద్దు, అప్పు తీరిన లోన్ యాప్ మళ్ళీ అప్పిస్తుంది. వాయిదాలు మీరే నేరుగా కట్టండి, నగదు చేతికివ్వకండి. "నేను లేకపోతేనే మీకు మంచిది" లాంటి మాట ఒక్కటి విన్నా ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, 14416కి అప్పుడే ఫోన్ చేయండి.

## టేబుల్ అవతలి వైపు

ఆ డీలర్లకు ఎలా ఉంటుంది? నవ్వు నిజమేనా?

నవ్వు ఉద్యోగంలో భాగం. ఓడినవాళ్ళు చాట్‌లో రాసే బూతులు చదువుతూ కూడా నవ్వాలి. రాత్రి షిఫ్టులు, గంటల కొద్దీ లైట్ల కింద నిలబడడం లేదా కూర్చోవడం, ప్రతి కదలికా రికార్డు. 2024 జులైలో ఎవల్యూషన్ వారి త్బిలిసి స్టూడియోలో వేలమంది మెరుగైన జీతం, పని పరిస్థితుల కోసం సమ్మెకు దిగారు. మీకు తెర ఇవతల కలిగే ఇబ్బంది లాంటిదే అవతలా ఉంది, దాన్ని మీకు చూపించడానికి మాత్రం వాళ్ళకు అనుమతి లేదు.

విదేశంలో లైవ్ డీలర్ ఉద్యోగం అని ఆఫర్ వచ్చింది. వెళ్ళొచ్చా?

ఏ దేశం, ఏ కంపెనీ, ఏ వీసా అన్న మూడింటికీ కాగితం మీద జవాబు కావాలి. టూరిస్టు వీసా మీద రమ్మంటే అక్కడితో ఆపేయండి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. కాంబోడియా 2019లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధిస్తున్నట్టు ప్రకటించింది, ఫిలిప్పీన్స్ 2024లో విదేశీయుల కోసం నడిచే ఆన్‌లైన్ జూద కంపెనీలను మూసేయాలని ఆదేశించింది, కాబట్టి ఆ దేశాల పేరుతో వచ్చే ఇలాంటి ఆఫర్‌ను మరింత అనుమానించాలి. 2024 మేలో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి యువకులను కాంబోడియాకు పంపిన ఏజెంట్లను విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. వెళ్ళినవారి చేత అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. ఇప్పటికే వెళ్ళి ఇరుక్కుంటే పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో, మీరున్న చోటి లొకేషన్ ఇంటికి పంపండి, ఇంట్లోవాళ్ళు ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికీ ఇక్కడి పోలీసులకూ ఒకేరోజు రాయాలి.